సొంత బండి లేకుండా హైదరాబాద్ నుంచి ఒక్కరోజులో ఎక్కి రాగలిగే గుట్టలు ఏవి?

సీతాఫల్‌మండి వాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేము సీతాఫల్‌మండిలో ఉంటాము. ఇంట్లో కారు లేదు, ఉన్న స్కూటరు మీద పిల్లవాణ్ని కూర్చోబెట్టుకుని జాతీయ రహదారి ఎక్కే ధైర్యం నాకు లేదు. మా అబ్బాయికి ఇంకా పన్నెండు నిండలేదు. బడివాళ్లు గోల్కొండకు తీసుకెళ్లి బాలాహిస్సార్ దాకా ఎక్కించి తెచ్చినప్పటి నుంచి, ఆదివారం వస్తే చాలు, ఏదో ఒక గుట్ట ఎక్కుదామని నన్ను నిలవనీయడం లేదు. నాకూ ఇష్టమే. వారమంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం కాబట్టి ఒక్కపూటైనా కాళ్లకు పని పడితే బాగుంటుందని అనిపిస్తుంది.

నగరానికి దగ్గరలోని గుట్టల జాబితాలు ఎక్కడ చూసినా దొరుకుతున్నాయి. అవి రాసినవాళ్లందరికీ కార్లు ఉన్నట్టున్నాయి. బండి ఎక్కడ నిలపాలో చెబుతారు కానీ బస్సు ఎక్కడ ఆగుతుందో ఒక్కరూ చెప్పరు. గత నెల అలాంటి జాబితా ఒకటి నమ్ముకుని నల్గొండ వైపు ఒక చిన్న కోట గుట్టకు వెళ్లాము. మండల కేంద్రం దాకా బస్సు, అక్కడి నుంచి షేర్ ఆటో. గుట్ట దిగేసరికి సాయంత్రం అయిదున్నర దాటింది. టీ కొట్టు దగ్గర అడిగితే ఏడింటికి బస్సు ఉందన్నారు, నిశ్చింతగా కూర్చున్నాము. ఏడింటికి బస్సు వచ్చిన మాట నిజమే. వచ్చి, పంచాయతీ ఆఫీసు ముందు ఆగి, లైట్లు ఆర్పేసింది. డ్రైవరు గారు తువ్వాలు అద్దానికి ఆరేసి, టిఫిన్ డబ్బా తీసుకుని దిగిపోయారు. మళ్లీ పొద్దున అయిదున్నరకే కదులుతుందట. చివరికి టమాటా బుట్టలు వేసుకుని వెళుతున్న ట్రాలీ ఆటోలో ముందు సీటులో ఇరుక్కుని హైవే చేరి, ఇంటికి వచ్చేసరికి పదకొండు దాటింది. మా అబ్బాయికి అది బ్రహ్మాండంగా నచ్చింది, నాకు మాత్రం ఇంకా గుండె దడ తగ్గలేదు.

కాబట్టి నా ప్రశ్న ఇది. బస్సు, రైలు, మెట్రోలతోనే వెళ్లి, బస్సు దిగిన చోటి నుంచి నడిచి కానీ చిన్న ఆటో ప్రయాణంతో కానీ గుట్ట పాదం చేరి, చీకటి పడకముందే ఇంటి దారి పట్టగలిగిన చోట్లు ఏవి? మీరు స్వయంగా వెళ్లి వచ్చిన చోట్లయితే మరీ మంచిది.

ఉప్పల్ మాస్టారు

అమ్మా, అందులో మీ తప్పేమీ లేదు, బస్సు తప్పు అంతకన్నా లేదు. దాన్ని నైట్ హాల్ట్ బస్సు అంటారు. నేను ముప్పై ఏళ్లకు పైగా పల్లెటూరి బడుల్లో పాఠాలు చెప్పి రిటైర్ అయినవాణ్ని, సగం జీవితం అలాంటి బస్సుల్లోనే గడిచింది. పొద్దున్నే పాలు, కూరగాయలు తీసుకుని పట్నం వెళ్లేవాళ్లు, కాలేజీ పిల్లలు, ఆసుపత్రి పని ఉన్నవాళ్లు ఎక్కడానికీ, సాయంత్రం వాళ్లనే మళ్లీ ఊరు చేర్చడానికీ వేసిన బస్సు అది. అందుకే రాత్రి ఊళ్లోనే పడుకుంటుంది. మీరూ నేనూ పొద్దున పట్నం నుంచి ఊరికి వెళ్లి సాయంత్రం పట్నానికి తిరిగి రావాలనుకుంటాము, అంటే మన ప్రయాణం ఊరివాళ్ల ప్రయాణానికి సరిగ్గా ఎదురు. దారి చివర ఉన్న ఊళ్లలో ఈ చిక్కు తప్పదు.

అందుచేత గుట్టను ఎంచుకునే ముందు రోడ్డును ఎంచుకోండి. రెండు పెద్ద పట్టణాలను కలిపే రోడ్డు మీద ఉన్న గుట్టకు తిరుగు బస్సు కోసం బెంగపడనక్కరలేదు, ఆ పట్టణం నుంచి ఈ పట్టణానికి రాత్రి దాకా బస్సులు పోతూనే ఉంటాయి. ఈ లెక్కన చూస్తే హైదరాబాద్ వాళ్లకు మొదటి గుట్ట భువనగిరే. నా మాటలో కొంత పక్షపాతం ఉండవచ్చు, ఇప్పటికి పాతికసార్లకు పైగా ఎక్కాను.

మీకు మెట్టుగూడ కానీ తార్నాక కానీ మెట్రో స్టేషన్ దగ్గర. అక్కడి నుంచి నాగోల్ వైపు వెళ్లే బండి ఎక్కి ఉప్పల్‌లో దిగి, స్కైవాక్ మీదుగా రింగు రోడ్డు దగ్గరికి వస్తే యాదగిరిగుట్ట, హనుమకొండ వైపు బస్సులు ఒకదాని వెనుక ఒకటి వస్తుంటాయి. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. హనుమకొండ వెళ్లే బస్సులన్నీ భువనగిరి ఊళ్లోకి రావు. కొన్ని బైపాస్ మీదుగా దూసుకుపోతాయి, అడిగితే బైపాస్ మీదే దింపి వెళతాయి. ఎక్కే ముందే 'భువనగిరి బస్టాండులోకి పోతుందా' అని కండక్టరును అడగండి. యాదగిరిగుట్ట బస్సు అయితే ఈ బాధ తక్కువ. రోడ్డు ఖాళీగా ఉంటే ఉప్పల్ నుంచి గంట, గంటంపావు ప్రయాణం. రైలు కావాలంటే సికింద్రాబాద్ నుంచి కాజీపేట వెళ్లే దారిలో ఘట్‌కేసర్, బీబీనగర్ దాటాక భువనగిరి స్టేషన్ వస్తుంది. అయితే ఈ మధ్య కొన్ని రైళ్లు చర్లపల్లి నుంచే బయలుదేరుతున్నాయి కాబట్టి ఏ స్టేషన్‌లో ఎక్కాలో చూసుకోకుండా ఇల్లు కదలవద్దు.

బస్టాండులో దిగగానే గుట్ట కనిపిస్తుంది, దారి అడగవలసిన అవసరమే ఉండదు. గుడ్డును సగం నేలలో పాతినట్టు ఊరి నెత్తిన ఒకటే బండ, చుట్టూ ఉన్న నేల నుంచి 500 అడుగులకు పైగా లేస్తుంది. పశ్చిమ చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుడు (1076–1126) కట్టించాడని చెబుతారు. ఆయన బిరుదు త్రిభువనమల్లుడు, దాని మీదే త్రిభువనగిరి, తర్వాత భువనగిరి అయ్యాయి. బస్సు బోర్డు మీద భువనగిరి, రైల్వే టికెట్ మీద భోంగిర్ అని ఉంటే రెండు ఊళ్లనుకుని కంగారు పడకండి. 1708లో సర్వాయి పాపన్న వరంగల్‌తో పాటు ఈ కోట మీద కూడా దాడి చేశాడు. ఏనుగులు ఎక్కలేని ఈ బండ మీదికి దాడి చేసినవాళ్లు ఎటు నుంచి వచ్చి ఉంటారా అని ఎక్కుతున్నంతసేపూ మీ అబ్బాయి మిమ్మల్ని అడుగుతాడు, సమాధానం సిద్ధం చేసుకోండి.

మొదట కట్టుడు మెట్లు వస్తాయి. దర్వాజాలు దాటాక బండనే తొలిచిన మెట్లు, ఆ పైన మెట్టు కూడా లేకుండా ఏటవాలు బండ, పక్కన ఇనుప కడ్డీల ఆసరా. పైన పాడుబడిన మహలు, ఫిరంగి, వాన నీరు నిలిచే రాతి కోనేర్లు, ఆంజనేయస్వామి గుడి ఉన్నాయి. పిల్లవాడితో ఆగుతూ ఎక్కితే గంట పట్టవచ్చు. చెట్టు నీడ దాదాపు ఉండదు కాబట్టి ఎనిమిదింటికల్లా మెట్ల దగ్గర ఉంటే పదకొండులోపు దిగిపోవచ్చు. ఎక్కేటప్పుడు ఎడమవైపు బండ మీద తాళ్లు కట్టుకుని పాకుతున్న పిల్లలు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. అక్కడ రాక్ క్లైంబింగ్ నేర్పే బడి ఉంది. 2014 మే 25న పద్నాలుగేళ్లయినా నిండకుండా ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆమెతో పాటు ఎక్కిన ఆనంద్ కుమార్ తొలి పాఠాలు నేర్చుకున్నది ఈ బండ మీదే.

భువనగిరి ఆడపడుచు

మాస్టారు గారు మా ఊరి గురించి అంత ప్రేమగా రాస్తే సంతోషంగా ఉంది. అయినా కొన్ని మాటలు చేర్చక తప్పదు, ఎందుకంటే ఆయన మంచి రోజు గుట్ట గురించి చెప్పారు, నేను చెడ్డ రోజు గుట్టను కూడా చూశాను.

అక్కా, ముందు రోజు రాత్రి వాన పడి ఉంటే భువనగిరికి వెళ్లవద్దు. పొడిగా ఉన్నప్పుడు ఆ బండ గరుకుగా చెప్పును పట్టుకుంటుంది, ఏటవాలులో కూడా నిటారుగా నిలబడవచ్చు. అదే తడిస్తే, నీరు జారిన చోటల్లా నల్లటి చారలు కనిపిస్తాయి చూడండి, అక్కడ పాచి ఉబ్బి సబ్బు రాసినట్టు అవుతుంది. ఎక్కేటప్పుడు తెలియదు, దిగేటప్పుడు మడమ మొదట ఆనేది ఆ చార మీదే. నల్ల చారను తప్పించి తెల్లగా ఉన్న రాతి మీద అడుగు వేయాలని మా నాయన చిన్నప్పుడే నేర్పాడు. పైన కోనేర్లలోకి దిగనివ్వకండి, అంచులు లోపలికి జారుడుగా ఉంటాయి, లోతు ఎంతో పైకి తెలియదు.

కోతుల సంగతి మాస్టారు మరిచినట్టున్నారు. వాటికి తిండి వాసన కన్నా ముందు ప్లాస్టిక్ సంచి చప్పుడు తెలుస్తుంది. చేతిలో కవరు ఉంటే లోపల టవలు ఉన్నా సరే లాక్కుంటాయి. సద్దిని స్టీలు డబ్బాలో పెట్టి, వీపు సంచిలో అడుగున వేసుకోండి, పైన మాత్రం విప్పకండి, దిగి వచ్చాక బస్టాండు దగ్గర తినండి. ఎండాకాలం మొదట్లో బండ పగుళ్లలో పెద్ద తేనెటీగల పట్లు ఉంటాయి, ఆ సమయంలో సెంటు పూసుకుని వెళ్లడం, పైన పొయ్యి వెలిగించడం రెండూ ప్రమాదమే.

ఇంకొకటి, ఉప్పల్‌లో డీలక్స్, సూపర్ లగ్జరీ బస్సులు ముందు వస్తే తొందరపడి ఎక్కకండి. 2023 డిసెంబరు 9 నుంచి మన ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఉన్నది సిటీ బస్సుల్లోనూ, పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ మాత్రమే. తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకోవడం మరవకండి, తనిఖీ వాళ్లు వస్తే ఆ కాగితమే అడుగుతారు. మీ అబ్బాయికి అర టికెట్ కొనాలి. నాకు ఇద్దరూ కొడుకులే, బస్సు ఎక్కినప్పుడల్లా అమ్మకు ఎందుకు లేదు, మాకు ఎందుకు ఉంది అని పంచాయితీ పెడతారు.

ఒంటరి ఆడవాళ్ల సంగతి చెప్పాలంటే, ఉదయం పూట ఊరివాళ్లు నడకకు వస్తారు, ఏ భయమూ లేదు. నాలుగు దాటాక పైన ఉండకపోవడమే నా సలహా. గేటు మూసే వేళ దగ్గరపడితే వెనకబడినవాళ్లు హడావిడిగా దిగుతారు, జారేది అప్పుడే.

లింగంపల్లి ప్రయాణికుడు

భువనగిరి బండ మీద నాకు వాదన లేదు కానీ ఎండ పడనివాళ్లకూ, వానాకాలంలో తిరగాలనుకునేవాళ్లకూ పడమర దిక్కున అనంతగిరి ఉందని గుర్తు చేస్తున్నాను. వికారాబాద్ జంక్షన్ వైపు సికింద్రాబాద్, బేగంపేట, లింగంపల్లి మీదుగా రైళ్లు చాలానే ఉన్నాయి. సీతాఫల్‌మండి నుంచి లింగంపల్లి దాకా ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో వచ్చి అక్కడ రైలు మారవచ్చు, లేదా సికింద్రాబాద్‌లోనే ఎక్కవచ్చు. లింగంపల్లి నుంచి దాదాపు గంట. వికారాబాద్‌లో దిగాక అనంతగిరి గుట్ట మీది గుడి దాకా ఐదారు కిలోమీటర్లు ఉంటుంది. తాండూరు వెళ్లే బస్సులు ఆ ఘాటు మీదుగానే పోతాయి, షేర్ ఆటోలూ దొరుకుతాయి.

మీరు బండ గుట్టలకు అలవాటు పడి వస్తే అనంతగిరి మొదట నిరాశపరుస్తుంది. ఎక్కడానికి ఏదీ, అంతా చదునుగా ఉందే అనిపిస్తుంది. సంగతి ఏమిటంటే, వికారాబాద్ ఊరే సముద్రమట్టానికి 600 మీటర్లకు పైన ఉంది, బస్సు మిమ్మల్ని నేరుగా గుట్ట నెత్తి మీద దింపుతుంది. ఇక్కడ ముందు దిగాలి, తర్వాత ఎక్కాలి. పొద్దున ఉత్సాహంగా లోయలోకి దిగిపోయిన వాళ్లు మధ్యాహ్నం ఆకలి వేళకు ఆ ఎత్తంతా తిరిగి ఎక్కవలసి వస్తుంది. మొదటిసారి నేనూ, నా మిత్రుడూ ఈ లెక్క తెలియక రెండు సీసాల నీళ్లూ దిగేటప్పుడే తాగేసి, తిరిగి వచ్చేటప్పుడు నాలుక పిడచకట్టుకుపోయి పదడుగులకు ఒకసారి కూర్చున్నాము.

కాలి కింద నేల కూడా వేరు. భువనగిరి, మౌలాలి, గోల్కొండ అన్నీ 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. వికారాబాద్ వైపు మాత్రం దక్కన్ పీఠభూమి లావా పొరల తూర్పు అంచు తగులుతుంది, దాని పైన జేగురు రంగు లాటరైటు కప్పు ఉంది. అందుకే దారి అంతా ఎర్రగా, చిల్లులు పడ్డ ఇటుక ముక్కల్లాంటి రాయి. వానలో జారదు కానీ ఎర్ర మట్టి చెప్పులకు అంటుకుని ఒక్కో కాలు కిలో బరువు అవుతుంది. తెల్ల ప్యాంటు వేసుకుని వెళ్లినవాడు తెల్ల ప్యాంటుతో తిరిగి రాడు. ఆ రాయి నీటిని స్పాంజిలా పీల్చుకుని మెల్లగా వదులుతుంది, అందుకే వానలు ఆగాక కూడా గుట్ట పక్కల నుంచి ఊటలు కారుతుంటాయి. మన మూసీ పుట్టేది ఈ గుట్టల్లోనే. పాత పేరు ముచుకుందా నది. యుద్ధాలలో అలసిన ముచుకుందుడు ఇక్కడి గుహలో నిద్రపోయాడనీ, కృష్ణుణ్ని తరుముతూ వచ్చిన కాలయవనుడు ఆయన్ని తట్టి లేపి ఆ చూపుకే బూడిదయ్యాడనీ గుడిలో కథ చెబుతారు. చాదర్‌ఘాట్ వంతెన మీద ముక్కు మూసుకుని దాటే నదిని ఇక్కడ కాలితో తొక్కి దాటవచ్చు, మీ అబ్బాయికి ఇదొక్కటి చూపించినా ప్రయాణం దండగ కాదు.

గుడి, కోనేరు, దాని కింది నుంచి అడవిలోకి వెళ్లే కాలిబాట, ఇంతవరకే చాలు. అటవీశాఖ బోర్డు దాటి లోపలికి అనుమతి లేకుండా పోవద్దు. అక్టోబరు, నవంబరు నెలల్లో వెళితే రోడ్డు పక్కన గంపల్లో సీతాఫలాలు అమ్ముతారు, కన్ను విచ్చినవి తీసుకుంటే ఇంటికి చేరేసరికి నలిగి గుజ్జవుతాయి, కాయలే కొనండి. తిరుగు ప్రయాణానికి మాత్రం రైలును నమ్ముకోవద్దని నా అనుభవం. ఆ దారిలో వచ్చేవి చాలావరకు దూర ప్రాంతపు రైళ్లు, ఎక్కడో ఆలస్యమైతే మీ సాయంత్రం ప్లాట్‌ఫాం మీదే గడుస్తుంది. వికారాబాద్ బస్టాండు నుంచి నగరానికి బస్సులున్నాయి, వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు బస్సు అనుకుంటే మనసు నిమ్మళంగా ఉంటుంది.

సీతాఫల్‌మండి వాసి

మీ అందరికీ ధన్యవాదాలు. నైట్ హాల్ట్ సంగతి మాస్టారు గారు చెప్పేదాకా నాకు తోచనే లేదు, ఏడింటి బస్సు వస్తుందన్న టీ కొట్టు ఆయనను ఇన్నాళ్లూ మనసులో తిట్టుకున్నాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజమే కదా.

ఇంకొక్క సందేహం. మా అబ్బాయి రాచకొండ, రాచకొండ అని కలవరిస్తున్నాడు. అక్కడికి బస్సులో వెళ్లి రావడం కుదురుతుందా?

చౌటుప్పల్ రైతుబిడ్డ

అక్కా, రాచకొండ పేరు 2016లో పోలీసు కమిషనరేట్‌కు పెట్టాక ఊరూవాడా తెలిసింది కానీ, గుట్టల దాకా పోయినవాళ్లు ఇప్పటికీ తక్కువే. సొంత బండి లేకుండా మాత్రం వద్దు. ఇది ఆ ప్రాంతం పక్కనే పుట్టినవాడిగా చెబుతున్నాను. విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్ దాకా ఎన్ని బస్సులైనా ఉన్నాయి, అక్కడి నుంచి లోపలికి వెళ్లే దారి సరిగ్గా మాస్టారు గారు చెప్పిన బాపతు. నేను ఇంటర్ చదివేటప్పుడు ముగ్గురు మిత్రులతో వెళ్లి, తిరుగు ఆటో దొరకక, వెన్నెల్లో రోడ్డు పట్టుకుని నడుస్తూ వచ్చాను. మగపిల్లలం కాబట్టి ఇంట్లో నాలుగు తిట్లతో పోయింది.

వెళ్లగలిగితే మాత్రం అది భువనగిరి లాంటి చోటు కాదు. 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకుల రాజధాని. సున్నం లేకుండా పెద్ద పెద్ద రాళ్లను ఒకదానిలో ఒకటి ఇమిడేటట్టు పేర్చిన గోడలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. టికెట్ కౌంటరు, కడ్డీలు, మెట్ల వరుస, దారి చూపే బాణం గుర్తులు ఏవీ ఉండవు, చుట్టూ రిజర్వు అడవి. దారి తప్పడం సులువు, ఫోను సిగ్నలు అందని చోట్లూ ఉన్నాయి. తెలిసినవాళ్లతో, రెండు మూడు బళ్ల మీద, చలికాలంలో వెళ్లండి. మీ అబ్బాయికి పదిహేనేళ్లు వచ్చాక కూడా రాచకొండ అక్కడే ఉంటుంది.

బస్సులో పోగల కోటే కావాలంటే మెదక్ చూడండి. జేబీఎస్ (సికింద్రాబాద్‌లోని జూబ్లీ బస్ స్టేషన్) నుంచి బస్సులు బాగానే ఉన్నాయి, నర్సాపూర్ అడవి మీదుగా పోయే బస్సు దొరికితే ప్రయాణమే సగం సరదా. అయితే దూరం వంద కిలోమీటర్ల దాకా ఉంది, పోనూ రానూ ఐదారు గంటలు బస్సులోనే అని లెక్క వేసుకోండి. కోట దర్వాజాల్లో ఒకదానికి సింహాలు, ఇంకొకదానికి ఏనుగులు చెక్కి ఉంటాయి. దిగాక 1924లో పూర్తయిన మెదక్ చర్చి చూసుకుని రావచ్చు. ఎక్కుడు మాత్రం భువనగిరి అంత కష్టం కాదు.

ఉప్పల్ మాస్టారు

చౌటుప్పల్ తమ్ముడు చెప్పినదానికి నా సంతకం కూడా. నేను ఒక్కమాట చేర్చి ఊరుకుంటాను. అమ్మా, మీరు ఇన్నాళ్లూ కుర్చీలో కూర్చునే పని చేశానన్నారు కదా, భువనగిరికి ముందు ఒక ఆదివారం మీ పక్కనే ఉన్న మౌలాలి గుట్ట ఎక్కి చూడండి. సికింద్రాబాద్ నుంచి ఈసీఐఎల్ వైపు వెళ్లే సిటీ బస్సులు మౌలాలి కమాన్ మీదుగా పోతాయి, ఎంఎంటీఎస్ స్టేషన్ కూడా ఉంది. దర్గా దాకా దాదాపు 500 మెట్లు, పైన చెప్పులు విడిచి నిలబడితే ఒకవైపు నగరమంతా, ఎదురుగా కదమ్-ఎ-రసూల్ గుట్ట కనిపిస్తాయి. కింద మహలకాబాయి చందా సమాధి ఉంది, ఆమె ఉర్దూలో కవిత్వం రాసిన మహా విదుషి, చూడకుండా రాకండి. మెట్లన్నీ దిగాక మరునాడు తొడలు ఎంత నొప్పి పెడితే అంత నీళ్లు, అంత విశ్రాంతి భువనగిరికి ఎక్కువ కావాలని లెక్క.

ఖాజాగూడ గుట్టలు కూడా ఎవరైనా చెబుతారేమో అని ఎదురుచూశాను. రాయదుర్గం మెట్రో దిగి ఆటోలో వెళ్లవచ్చు, రాళ్ల అందం అద్భుతం. కానీ చుట్టూ అద్దాల మేడలు పెరిగాక అక్కడ కొండెక్కినట్టు నాకు అనిపించడం మానేసింది. ఇది ముసలివాడి చాదస్తం అనుకోండి.

సీతాఫల్‌మండి వాసి

మాస్టారు గారూ, మీరు చెప్పినట్టే రెండు వారాల క్రితం మౌలాలి ఎక్కాము. మరునాడు ఆఫీసులో మెట్లు దిగలేక లిఫ్టు వాడాను. నిన్న భువనగిరికి వెళ్లి వచ్చాము.

ఉప్పల్‌లో మొదటి రెండు బస్సులూ బైపాస్ మీదుగా పోయేవే, మూడోది యాదగిరిగుట్ట ఎక్స్‌ప్రెస్. ఎనిమిదిన్నరకు మెట్ల దగ్గర ఉన్నాము. వాన పడి వారం దాటింది కాబట్టి రాయి పొడిగానే ఉంది, అయినా భువనగిరి చెల్లెలు చెప్పిన నల్ల చారలను మా అబ్బాయి ఒక్కటీ వదలకుండా నాకు చూపిస్తూ, 'అమ్మా, ఇటు కాదు, తెల్లగా ఉన్న చోట' అంటూ ముందు నడిచాడు. కడ్డీలు ఉన్న చోట ఒక పెద్ద తొండ, తల ఎర్రగా, మెడ పైకీ కిందికీ ఆడిస్తూ మమ్మల్నే చూస్తూ కూర్చుంది. మేము పక్కనుంచి పోయినా కదలలేదు. నాకు మధ్యలో రెండుసార్లు ఆయాసం వచ్చింది, అరవై దాటిన ఆవిడ ఒకరు చీర కుచ్చిళ్లు దోపుకుని, చేతిలో కొబ్బరికాయతో నన్ను దాటుకుని ఆంజనేయస్వామి దగ్గరికి వెళ్లిపోయారు. పైకి చేరడానికి గంటా పది నిమిషాలు పట్టింది.

స్టీలు డబ్బాను కోతులు పట్టించుకోలేదు. నేను మరిచిపోయి జేబులో పెట్టుకున్న వేరుశనగ చిక్కీ కాగితం చప్పుడు చేయగానే మాత్రం ఒకటి వచ్చి మర్యాదగా తీసుకుని వెళ్లింది. పులిహోర బస్టాండులోనే తిన్నాము. దాడి చేసినవాళ్లు ఎటు నుంచి ఎక్కి ఉంటారన్న ప్రశ్న ఇంకా నడుస్తోంది, వాడి అంచనా ప్రకారం వెనుక వైపు నుంచి, రాత్రి పూట, తాళ్లతో.

ఒంటిగంటన్నరకు తిరుగు బస్సు వచ్చింది. ఎక్కబోతూ మా అబ్బాయి డ్రైవరు గారిని, 'అంకుల్, ఈ బస్సు రాత్రి ఎక్కడ పడుకుంటుంది?' అని అడిగాడు. ఆయన నా వైపు ఒకసారి, వాడి వైపు ఒకసారి చూసి, 'డిపోలో నాన్నా, నువ్వెక్కు' అన్నారు.

లింగంపల్లి సోదరులు అనంతగిరికి ఉదయం ఏ రైలు పట్టుకుంటారో చెబితే వచ్చే నెల అటు వెళతాము.